ఫీజు చెల్లించిన పిమ్మట



ఈ పూట నేను మీతో ముచ్చటింపదలచినది గ్రామములలోని ప్రైవేటు ప్రాథమిక పాఠశాలలను గూర్చి. సరిగా చెప్పవలెనన్న, ఆ పాఠశాలలను గూర్చి కంటె వానికి పిల్లలను పంపుచున్న మనలను గూర్చి. తల్లిదండ్రులకు చెప్పవలసిన మాటలు పెద్దలకేల చెప్పుచున్నావని మీరడుగవచ్చును. తల్లిదండ్రులు పొలముననో, పట్టణముననో, ఒక్కొక్కచో పరదేశముననో ఉందురు. ఉదయము పసివాని చొక్కాకు బొత్తాములు పెట్టి, బస్సు వచ్చువరకు రచ్చబండ కడ చేయి పట్టుకొని నిలుచుండునది తాత. సాయంత్రము సంచి విప్పి అన్నపు డబ్బా కడుగునది నాయనమ్మ. ఇంక ఫీజు మాటయన్న, అప్పు చేసియైనను కట్టుదమను సమ్మతి చాల ఇండ్లలో మీ నోటినుండియే రావలసియున్నది.

నేను ముప్పదియేండ్లకు పైగా చిన్నపిల్లలకు పాఠములు చెప్పినవాడను. ప్రభుత్వ పాఠశాల మంచిదా, ప్రైవేటు పాఠశాల మంచిదా యను తగవులోనికి నేడు దిగను. ఆ తగవు తీరులోపల పిల్లవాడు ఐదవ తరగతి దాటిపోవును. మీరు పంపినారు, లేదా పంపబోవుచున్నారు. అటు పిమ్మట ఏమి చూడవలెను, ఏమి అడుగవలెను, ఏ మాటకు లొంగరాదు అనునదియే నా ప్రసంగవిషయము.

డబ్బిచ్చి పిల్లలను చదివించుట మనకు క్రొత్త కాదు. మన పూర్వుల వీధిబడి ప్రైవేటు పాఠశాలయే. పంతులు అరుగుమీద బడి పెట్టి, నెలకింతయని, పంటకింతయని, దసరాకింతయని పుచ్చుకొనెడివాడు. 1822లో మద్రాసు గవర్నరైన సర్ తామస్ మన్రో తన రాజధానిలోని బడులనన్నింటిని లెక్కించి పంపవలసినదని కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. లెక్కలన్నియు చేరిన పిమ్మట 12,498 విద్యాస్థానములును, వానిలో 1,88,650 మంది విద్యార్థులును తేలిరి. ఆ సందర్భమున 1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు కాంబెల్ వ్రాసిన నివేదిక నేటికిని చదువదగినది. తెలుగునకు వ్యాకరణమును, నిఘంటువును కూర్చిన దొర ఇతడే. పసివారు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుటయు, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు పాఠము చెప్పుటయు చూచి మెచ్చుకొనెను. కాని ఒక లోపమును దాచలేదు. బడిపిల్లలు పద్యములను ధారాళముగా వల్లింతురు, అర్థము మాత్రము చిలుకకు ఎంత తెలియునో వారికిని అంతే తెలియునని వ్రాసెను.

రెండువందల ఏండ్లు గడచినవి. ఒకనాడు నేను చుట్టపుచూపుగా పోయిన ఇంట ఐదేండ్ల పాప వానను గూర్చిన ఇంగ్లీషు పాట నొకదానిని చేతులు త్రిప్పుచు, కన్నులు త్రిప్పుచు పాడినది. ఇంటిల్లిపాది మురిసిపోయిరి. అప్పుడు వెలుపల చినుకులు పడుచునే ఉన్నవి. "ఈ పాట దేనిని గూర్చి తల్లీ?" అని అడిగితిని. "మా మిస్సును గూర్చి" అన్నది. పాపలో లోపమేమియు లేదు. మిస్సు నేర్పినది గనుక మిస్సు పాట. కాంబెల్ దొర చెప్పిన చిలుక పోలేదు, భాష మార్చుకొని మన అరుగుమీదనే కూర్చున్నది.

ఫీజు కట్టినంతమాత్రమున చదువు వచ్చునా యను ప్రశ్నకు మన తెలుగుదేశముననే ఒక పరీక్ష జరిగినది. 2008లో, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు ఐదు జిల్లాలలోని 180 గ్రామములను ఎన్నుకొనిరి. తమ పిల్లలను ప్రైవేటు పాఠశాలకు పంపగోరు కుటుంబములనుండి దరఖాస్తులు పుచ్చుకొని, చీట్లు వేసి, చీటి తగిలిన పిల్లలకు ప్రైవేటు బడిలో ఖర్చు లేకుండ చదువు ఏర్పరచిరి. తగులనివారిలో చాలమంది ప్రభుత్వ పాఠశాలలోనే ఉండిరి. చీటి యదృష్టము గనుక ఈ పిల్లలు ధనికులు, ఆ పిల్లలు పేదలు అను భేదమునకు చోటు లేదు. రెండేండ్లకొకసారి, నాలుగేండ్లకొకసారి ఉభయులను పరీక్షించిరి. ఫలితమును 2015లో ప్రకటించిరి. తెలుగునందును లెక్కలయందును రెండు తెగల పిల్లలకు భేదము కనబడలేదు. హిందీలో మాత్రము ప్రైవేటు పాఠశాల పిల్లలు ముందుండిరి.

దీనిని విని ప్రైవేటు పాఠశాలలు దండుగయని తీర్మానించుట తొందరపాటు. ఆ పరిశోధనయే మరి రెండు సంగతులు చెప్పినది. ప్రైవేటు బడులు తెలుగునకు, లెక్కలకు తక్కువ కాలము కేటాయించి, ఇంగ్లీషు, హిందీ మున్నగువానికి ఎక్కువ కాలము నిచ్చినను తెలుగు లెక్కలలో వెనుకబడలేదు. పైగా ఒక్కొక్క పిల్లవానికి వారు పెట్టు ఖర్చు ప్రభుత్వము పెట్టు ఖర్చులో మూడవవంతునకు తక్కువ. అది మెచ్చుకొనవలసినదే. అయినను అప్పు తెచ్చి కట్టు కుటుంబమునకు కావలసినది పాఠశాల పొదుపు కాదు, పిల్లవాని చదువు. తెలుగు మాధ్యమమునుండి ఇంగ్లీషు మాధ్యమమునకు మారిన పిల్లలకు ఇతర విషయములు కుంటుపడినట్లు కూడ వారి లెక్కలలో సూచన కన్పట్టినది. అది సూచనయే గాని తీర్పు కాదు. మొత్తముమీద నాకు తోచునది ఇది: పాఠశాల పేరు, మెడపట్టీ, బూట్లు చూచి చదువును అంచనా వేయరాదు. పిల్లవానిని చూచి వేయవలెను.

ఆ చూచుటకు మీకు పెద్దచదువు అక్కరలేదు. తెలుగు చదువ వచ్చిన ప్రతి తాతయు, నాయనమ్మయు ఇంటనే చేయదగిన పరీక్ష ఒకటి కలదు. ప్రథమ్ అను స్వచ్ఛందసంస్థ 2005 నుండి దేశమంతట గ్రామములలో ఇండ్లకు పోయి పిల్లల చదువును ఈ విధముననే కొలుచుచున్నది. మొదట అక్షరములు, పిదప చిన్న మాటలు, పిదప ఒకటవ తరగతి మట్టమునకు చెందిన నాలుగు వాక్యములు, కడపట రెండవ తరగతి మట్టమునకు చెందిన చిన్నకథ. పిల్లవాడు ఎక్కడ ఆగునో అదియే అతని మెట్టు. తరగతి సంఖ్యతో నిమిత్తము లేదు.

మీరు చేయవలసినదేమనగా, పొరుగింటి పిల్లవాని రెండవ తరగతి తెలుగు వాచకమును తెచ్చి, మీ మనుమడు బడిలో ఎన్నడును చదువని పుట తెరచి, నీడపట్టున కూర్చుండబెట్టి చదివించుడు. తన పుస్తకములోని పాఠమైన కంఠస్థముగా అప్పగించి మిమ్ములను మోసగింపగలడు. పాపము, తానును మోసపోవును. చదివిన పిమ్మట పుస్తకము మూసి, కథలో ఏమి జరిగినదో అతని మాటలతో చెప్పించుడు. లెక్కలకు అంగడి పద్దు చాలును. యాబది రూపాయల నోటిచ్చి పదునెనిమిది రూపాయల ఉప్పు, పప్పు కొన్న ఎంత తిరిగిరావలెనో అడుగుడు.

ఏ తరగతికి ఎంత రావలెనన్నచో, 2021 జూలై 5న భారతప్రభుత్వము నిపుణ్ భారత్ అను పేరుతో కొన్ని గుర్తులు పెట్టినది. ఒకటవ తరగతి ముగియునప్పటికి నాలుగైదు తేలికమాటల వాక్యమును చదువవలెను, 99 వరకు అంకెలు రావలెను. రెండవ తరగతికి 999 వరకు. మూడవ తరగతి ముగియునప్పటికి నిమిషమునకు 60 మాటల చొప్పున అర్థముతో చదువవలెను, 9,999 వరకు అంకెలు తెలియవలెను. ఈ నిమిషము లెక్క దేశభాషలన్నింటికి కలిపి పెట్టినది. మన తెలుగు మాటలు ఒకదానికొకటి అతుకుకొని పొడవగునవి గనుక గడియారము చేతబట్టి పసివానిని బెదరింపకుడు. తడబడక చదివెనా, చదివినది తెలిసెనా, అంతవరకే చూడుడు.

మూడవ తరగతి పిల్లవాడు ఈ కథ చదువలేకపోయిన కొట్టకుడు, తిట్టకుడు, మరునాడే బడి మార్పింపకుడు. అదే పుస్తకము చంకబెట్టుకొని పాఠశాలకు పోయి, తరగతి ఉపాధ్యాయురాలికి ఆ పుట చూపి, "అమ్మా, మావాడు ఇక్కడ ఆగుచున్నాడు. రెండు నెలలలో దీనిని దాటించుటకు మీరేమి చేయుదురు, మేమేమి చేయవలెను?" అని అడుగుడు. మంచి ఉపాధ్యాయురాలు ఈ ప్రశ్నకు సంతోషించును. ప్రగతిపత్రములోని మార్కులను చూపి మిమ్ము పంపివేయజూచినచో, రెండు నెలల పిమ్మట మరల పొండు.

ఇచ్చట భాషను గూర్చి ఒక మాట ఎక్కువగా చెప్పవలెను. కొన్ని పాఠశాలలవారు ఇంట గూడ ఇంగ్లీషే మాట్లాడవలెనని తల్లిదండ్రులకు చెప్పుచున్నారు. ఇంగ్లీషు రాని నాయనమ్మ ఆనాటినుండి మనుమరాలి యెదుట నోరు మెదపుటకు జంకును. సామెతలు, పొడుపుకథలు, వావివరుసలు, పంటల పేర్లు, చుక్కల పేర్లు అన్నియు ఆమె నోటనే నిలిచిపోవును. పిల్లకు మాత్రము ఇంగ్లీషు రాదు, వచ్చినది నాలుగు ఆజ్ఞావాక్యములు. ఒక భాషలో కథ విని అర్థముచేసికొన్న పిల్ల రెండవ భాషలో త్వరగా చదువగలదు. ఏ భాషయందును కథ వినని పిల్లకు ఏ భాషయు పట్టుపడదు. ఇది నా తరగతిలో నేను ఏటేట చూచినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము సాధ్యమైనచోట్లనెల్ల ఐదవ తరగతి వరకైనను మాతృభాషలో బోధింపవలెనని చెప్పినది. తెలంగాణలో 2018 నాటి చట్టము ప్రకారము ప్రైవేటు పాఠశాలలు సైతము తెలుగును తప్పనిసరి పాఠ్యవిషయముగా బోధింపవలెను. కావున ఇంగ్లీషు బడి పిల్లకు రాత్రి తెలుగు కథ చెప్పుట బడికి ద్రోహము కాదు. తెలుగున మాట్లాడిన పిల్లలకు జరిమానా వేయు బడి యేదైన ఉన్న, దాని పెద్దలను గట్టిగా నిలదీయుడు.

ఇంక చేర్చుటకు ముందు చూడవలసినవి. విద్యాహక్కు చట్టము 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుండి అమలగుచున్నది. దాని 18వ సెక్షను ప్రకారము గుర్తింపుపత్రము లేక ప్రైవేటు పాఠశాల నడుపరాదు. నడిపినచో లక్షరూపాయల వరకు జరిమానా, ఆ పిదప ప్రతిదినమునకు పదివేల వరకు. కావున హెడ్మాస్టరుగారిని మర్యాదగా గుర్తింపుపత్రము చూపుమని అడుగుడు. ఏ తరగతి వరకు గుర్తింపు, ఏ సంవత్సరము వరకు, ఏ ఊరిలోని ఏ భవనమునకు అను మూడును చదువుడు. ఒక చోటి గుర్తింపు చూపి మరియొక చోట తరగతులు నడుపుటయు, ఐదువరకే అనుమతి యుండగా ఏడువరకు చేర్చుకొనుటయు వినుచునే ఉన్నాము. అనుమానము కలిగిన మండల విద్యాధికారి కార్యాలయమున విచారింపవచ్చును.

భవనమును పని జరుగువేళ పోయి చూడుడు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణమున, ఒకే కట్టడమున కిక్కిరిసి నడుచుచుండిన ప్రైవేటు పాఠశాలలలో, వంటశాలనుండి రేగిన నిప్పు ఆకుల కప్పునకు అంటుకొని 94 మంది పసిబిడ్డలు కాలిపోయిరి. తప్పించుకొనుటకు మెట్లదారి ఇరుకు. ఆ బిడ్డల తల్లిదండ్రులును మనవలెనే ఫీజు కట్టి, మంచిబడి యనుకొని పంపినవారే. తరువాత 2009లో సుప్రీంకోర్టు పాఠశాలలన్నింట అగ్నిభద్రత ఉండితీరవలెనని ఉత్తరువు చేసినది. పొయ్యి యెక్కడ నున్నది, పైకప్పు దేనితో వేసిరి, మేడమీది గదినుండి దిగుటకు ఎన్ని దారులు, ఆ దారులకు తాళము వేసియున్నదా, ఆడపిల్లలకు వేరుగా మరుగుదొడ్డి కలదా, త్రాగునీరెక్కడిది, ఇవన్నియు అరగంటలో కన్నులార చూడవచ్చును. గోడమీది రంగుబొమ్మలకు ఆ అరగంటను ఖర్చుపెట్టకుడు.

ఉపాధ్యాయులను గూర్చి అడుగుటకు మనవారు మొగమాటపడుదురు. ఐదవ తరగతి వరకు గల బడిలో 60 మంది పిల్లలవరకు ఇద్దరు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు, 200 వరకు ఐదుగురు ఉపాధ్యాయులుండవలెనని చట్టపు అనుబంధము. సంవత్సరమునకు 200 పనిదినములకు తక్కువ కారాదు. ప్రాథమిక తరగతులు చెప్పువారికి పసిపిల్లల బోధనకై ఏర్పడిన రెండేండ్ల శిక్షణయు, ఉపాధ్యాయ అర్హత పరీక్షయు ఉండవలెను. పెద్దతరగతులకై ఏర్పడిన బి.ఇడి. పట్టము ప్రాథమిక తరగతులకు చాలదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. ఏలయన, పెద్దవారికి పాఠము చెప్పుట ఒక విద్య, అక్షరము రాని వానికి అక్షరము తెచ్చుట వేరొక విద్య. ఈ రెండవది కష్టతరమని నేను తరగతిలో నేర్చుకొన్నాను. ఇన్ని పత్రములు చూచుటకు మీకు వీలుపడకున్న ఒక్క ప్రశ్న యడుగుడు: "గడచిన సంవత్సరమునుండి ఇప్పటివరకు ఎందరు ఉపాధ్యాయులు మారిరి?" చాలని జీతమిచ్చు బడిలో దసరాకొకరు, సంక్రాంతికొకరు మారుచుందురు. పిల్లవాడు ఒకరి గొంతునకు అలవాటుపడులోపల మరియొకరు వచ్చుచుందురు.

డబ్బు సంగతి క్లుప్తముగా చెప్పెదను. ఫీజు కాక వేరుగా విరాళమనియు, భవననిధి యనియు తీసికొనుట చట్టవిరుద్ధము. తీసికొన్న దానికి పదిరెట్లవరకు జరిమానా కలదు. ఒకటవ తరగతి ప్రవేశమునకు పిల్లవానినిగాని తల్లిదండ్రులనుగాని పరీక్షించి ఏరుటయు నిషిద్ధమే. ఏది కట్టినను రసీదు పుచ్చుకొని ఒక సంచిలో దాచుడు. చేరుటకు ముందే ఫీజు, బస్సు, పుస్తకములు, దుస్తులు, బూట్లు, పరీక్షరుసుము అన్నియు కలిపి సంవత్సరపు మొత్తము కాగితముమీద వ్రాయించుకొనుడు. నెలఫీజు తక్కువని చేర్చి, బస్సు ఖర్చుతో కుదేలైన కుటుంబములు కలవు. ప్రభుత్వపు మధ్యాహ్నభోజనము ఈ బడులలో ఉండదు గనుక అన్నపు డబ్బా ఇంటినుండియే పోవలెను. అందులో అంగడి చిరుతిండి కాక పప్పన్నమో, గుడ్డో ఉండునట్లు చూచుట మీ వంతు. ఇంకొకటి: బడి ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషను చెప్పరాదని 28వ సెక్షను. పగలు తరగతిలో చెప్పనిది సాయంత్రము డబ్బునకు చెప్పెదమన్నవారిని నమ్మవలదు.

సంచి బరువును గూర్చి పెద్ద కథయే కలదు. రచయిత ఆర్.కె. నారాయణ్ 1989లో రాజ్యసభలో మొదటిసారి లేచి మాట్లాడినప్పుడు, దేశరాజకీయములను విడిచి పసిపిల్లల వీపుమీది పుస్తకముల మోతను గూర్చి మాట్లాడెను. దాని ఫలితముగనే ప్రొఫెసర్ యశ్‌పాల్ అధ్యక్షతన ఒక సంఘము ఏర్పడి 1993లో నివేదిక నిచ్చినది. 2020లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన సంచుల విధానము ప్రకారము ఒకటి, రెండు తరగతులవారి సంచి రెండుంబావు కిలోలకు లోపుగను, మూడునుండి ఐదువరకు రెండున్నర కిలోలకు మించకయు ఉండవలెను. రెండవ తరగతి వరకు ఇంటిపని అసలే ఈయరాదు. మూడునుండి ఐదువరకు వారమునకు రెండు గంటలు చాలును. ఊరి కిరాణా అంగడిలో త్రాసు ఉన్నదిగదా, ఒకసారి సంచిని తూచి చూడుడు. కాని ఇచ్చట ఒక నిజము చెప్పవలెను. బరువైన సంచి, పుటలు పుటలు ఇంటిపని ఉన్న బడియే గొప్పబడి యని పట్టుబట్టువారు మనలోనే కలరు. మాకు ఇంటిపని చాలలేదని పెద్దలు వచ్చి పోట్లాడుదురని ఎందరో హెడ్మాస్టర్లు నాతో మొరపెట్టుకొనిరి.

కొట్టుటను గూర్చియు అంతే. "తోలు మీది, ఎముకలు మావి" అని పంతులుతో చెప్పి పిల్లవానిని అప్పగించిన తరము మనది. ఆ మాట నేడు చెల్లదు. 17వ సెక్షను దేహదండనను, మనస్సు నొప్పించు శిక్షను నిషేధించినది. ఫీజు బాకీయున్నదని పిల్లవానిని ఎండలో నిలబెట్టుట, పరీక్షకు కూర్చుండనీయకుండుట ఈ రెండవ జాతిలోనివని నా అభిప్రాయము. బాకీ పెద్దలది, అవమానము పసివానికా? పిల్లవాడు ఒడలిపై వాతతో వచ్చిన, ఉన్నట్టుండి బడికి పోనని ఏడ్చిన, నెమ్మదిగా ప్రక్కన కూర్చుండి విషయము రాబట్టుడు. సహాయమునకు 1098 అను సంఖ్యకు ఏ ఫోనునుండియైనను పిలువవచ్చును, దానికి డబ్బు పడదు.

బస్సు విషయమున అజాగ్రత్త పనికిరాదు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని రైల్వే దాటుచోట బడిబస్సును రైలు ఢీకొని పదిమందికి పైగా పసివారు ప్రాణములు విడిచిరి. పెద్దలైనులపై అట్టి కాపలాలేని దాటుచోట్లను 2019 ప్రారంభమునకు రైల్వేవారు తీసివేసిరి. కాని రైలు ఒక్కటియే అపాయము కాదు. సుప్రీంకోర్టు 1997లోనే బడిబస్సులో ఆసనములకు మించి పిల్లలను ఎక్కింపరాదనియు, డ్రైవరునకు ఐదేండ్ల అనుభవముండవలెననియు, కిటికీలకు అడ్డకమ్మీలు, ప్రథమచికిత్స పెట్టె, పిల్లలను ఎక్కించి దింపుటకు ఒక సహాయకుడు ఉండవలెననియు చెప్పినది. రోజూ బస్సుకడ నిలుచుండువారు మీరే. ఎందరు ఎక్కుచున్నారో లెక్కించుడు, డ్రైవరు మొగము చూడుడు. ఆటోలో ముందు డ్రైవరు ప్రక్కన ఇద్దరు పసివారిని ఇరికించినచో దింపివేయుడు. ఆనాటికి బడి పోయినను పోనిండు.

మీ ఇంటి పిల్లలకు సంబంధింపని సంగతి యొకటి ఉన్నది, మీరు ఊరి పెద్దలు గనుక చెప్పుచున్నాను. విద్యాహక్కు చట్టపు 12వ సెక్షను ప్రకారము ప్రభుత్వసహాయము పొందని ప్రైవేటు పాఠశాలలు కూడ ప్రవేశతరగతిలో నాలుగవవంతు స్థానములను బడుగువర్గముల పిల్లలకు ఉచితముగా ఈయవలెను. వారి ఖర్చు ప్రభుత్వము తిరిగి యిచ్చును. 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు దీనిని సమర్థించినది. 2014 తీర్పు ననుసరించి అల్పసంఖ్యాకుల పాఠశాలలకు మాత్రము మినహాయింపు. ఉమ్మడి రాష్ట్రపు నిబంధనలలో ఈ ఇరువదియైదింటిని అనాథలు, వికలాంగులు, హెచ్.ఐ.వి. సోకిన కుటుంబముల పిల్లలకు 5, షెడ్యూల్డు కులములకు 10, తెగలకు 4, ఇతర బలహీనవర్గములకు 6 చొప్పున పంచిరి. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 విద్యాసంవత్సరమునుండి దీనికై దరఖాస్తులు పుచ్చుకొనుట మొదలైనది. అమలు తీరు రాష్ట్రమును బట్టి మారును గనుక మీ మండల విద్యాధికారిని అడిగి తెలిసికొనుడు. ఈ ప్రకటన ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోవునో కూలికి పోవు తల్లికి తెలియదు. పత్రిక చదువు మీకు తెలియును. చేరిన పిదప ఆ పిల్లలను వేరుగా కూర్చుండబెట్టుచున్నారా యని కనిపెట్టుటయు మీ పనియే. మన మనుమడు వారి ప్రక్కన కూర్చుండుటకు మనమే అడ్డుచెప్పకున్న అది సులభమగును.

ఇన్ని అడుగుటకు మాకు అధికారమెక్కడిదని సందేహింపవచ్చును. ప్రభుత్వ పాఠశాలలో తల్లిదండ్రులే ముప్పాతికమంది ఉండు యాజమాన్యసంఘమును చట్టము ఏర్పరచినది. సహాయము పొందని ప్రైవేటు పాఠశాలకు ఆ సంఘమును విధింపలేదు. ఫీజు లేని చోట పలుకుబడి యిచ్చి, ఫీజు కట్టుచోట ఈయలేదు. ఇది నాకు వింతగనే తోచును. అందుచేత ఆ లోటును మీరే పూరింపవలెను. ఒకే బడికి పిల్లలను పంపు నలుగురైదుగురు పెద్దలు నెలకొకసారి కలిసి పోయి, ఏ తరగతి పిల్లలు ఏ పుట చదువగలుగుచున్నారో మాట్లాడి రండు. ఒక్కరు పోయిన ఫిర్యాదనుకొందురు, నలుగురు పోయిన సంప్రదింపు అనుకొందురు. మాటకు బదులు రాకున్న కాగితముమీద వ్రాసి తేదీ వేసి, నకలు దాచుకొనుడు. పిదప మండల విద్యాధికారి, అటుపై జిల్లా విద్యాధికారి. చట్టపు 32వ సెక్షను క్రింద స్థానికసంస్థకు వ్రాసికొన్న మొరను మూడు నెలలలో తీర్చవలెను.

కడపట బడి మార్చు సందర్భము. పిల్లవాడు ప్రభుత్వ బడికో, సహాయము పొందు బడికో మారదలచినచో హెడ్మాస్టరు బదిలీపత్రమును వెంటనే ఈయవలెనని 5వ సెక్షను. అది ఆలస్యమైనదను కారణమున ఆ బడులవారు చేర్చుకొనకుండరాదు. చేరునాడు పుట్టినతేదీ పత్రము లేకున్నను ప్రవేశము నిరాకరింపరాదు. అయినను పంచాయతీలో నమోదు చేయించి ఆ పత్రమును ముందే తెచ్చుకొనుట మేలు, ఏలయన బడి రిజిస్టరులో పడిన తేదీయే పదవతరగతి పత్రమువరకు వెంటవచ్చును, దానిని దిద్దించుటకు ఏండ్లు పట్టును. బదిలీపత్రము చేతికి ఇచ్చినప్పుడు అక్కడనే కన్నద్దములు తీసి పెట్టుకొని, పిల్లవాని పేరు, ఇంటిపేరు, తల్లి పేరు, పుట్టినతేదీ, చదివిన తరగతి ఒక్కొక్కటిగ చదివి, తప్పున్న ఆ బల్లవద్దనే దిద్దించుకొని మరి ఇంటికి రండు.